‘ఇక్కడికే కదా’ అనుకునే దూరమే తలకు ప్రమాదం: కతర్‌గామ్ చెబుతున్న పాఠం

సూరత్ నగరానికి ఉత్తరాన, తాపీ నదికి ఇవతల ఉన్న పేట కతర్‌గామ్. వజ్రాలకు సానపట్టే కార్ఖానాలు, ఎంబ్రాయిడరీ యంత్రాలు, మగ్గాల షెడ్లు, వాటి మధ్యే ఇళ్లు. ఉదయం షిఫ్టు మొదలయ్యే వేళకు అమ్రోలి వైపు నుంచి, వేడ్ రోడ్డు నుంచి, వరాఛా నుంచి ద్విచక్ర వాహనాలు వరదలా వచ్చి పడతాయి. ఒక్కో బండి మీద ఇద్దరు, కొన్నిటి మీద ముగ్గురు. చాలామందికి ఇంటికీ పనికీ మధ్య దూరం నాలుగైదు కిలోమీటర్లకు మించదు. హెల్మెట్ ఎందుకు పెట్టుకోలేదని అడిగితే గుజరాతీలో వచ్చే జవాబు, ‘అహీంజ్ జవానుం ఛే’. మన భాషలో చెప్పాలంటే, ‘ఇక్కడికే కదా’.

ఈ జవాబు కతర్‌గామ్‌కే ప్రత్యేకం కాదు. విజయవాడ వన్ టౌన్‌లో, వరంగల్ చౌరస్తాలో, కరీంనగర్ సందుల్లో వినిపించేదీ ఇదే. సూరత్‌లో లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడిన తెలుగు నేత కుటుంబాల్లోనూ ఇదే మాట. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడిపేంత సంఖ్యలో మనవాళ్లు ఉన్న ఊరది. అందుకే కతర్‌గామ్ కథ మనకు పొరుగింటి కథ కాదు.

మెదడు గాయాలను అరికట్టాలంటే జనంలో అవగాహన పెరగాలని వైద్యులు, పోలీసులు, స్వచ్ఛంద సంస్థలు తరచూ చెబుతుంటారు. ఏటా మార్చి 20న ప్రపంచ తల గాయాల అవగాహన దినం కూడా జరుపుతారు. అయితే అవగాహన అంటే ఏమిటి? హెల్మెట్ మంచిదని తెలియని మనిషి ఈరోజు సూరత్‌లోనూ లేడు, హైదరాబాద్‌లోనూ లేడు. తెలిసిన విషయం అలవాటుగా ఎందుకు మారడం లేదన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు వెతకాలంటే ముందు తలకు దెబ్బ తగిలిన క్షణంలో లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలి.

ఆ క్షణంలో మెదడుకు ఏమవుతుంది?

పెద్దవారి మెదడు బరువు సుమారు 1.3 నుంచి 1.4 కిలోలు. గట్టి పుర్రె లోపల, పలుచని ద్రవంలో తేలుతున్నట్టుగా ఉంటుంది. గట్టిగా గడ్డకట్టని పెరుగంత మెత్తన. మామూలు కదలికల్లో ఆ ద్రవం మెత్తలా పనిచేస్తుంది. కానీ తల రోడ్డుకో డివైడర్‌కో కొట్టుకుని హఠాత్తుగా ఆగిపోతే, పుర్రె ఆగినా మెదడు ఆగదు. ముందు గోడకు గుద్దుకుంటుంది, తర్వాత వెనక్కి ఊగి వెనుక గోడకు గుద్దుకుంటుంది. అందుకే నుదుటికి దెబ్బ తగిలినా తల వెనుక భాగంలోని మెదడు నలిగిపోవచ్చు.

తల మెలితిరిగినట్టు పడితే నష్టం ఇంకా లోతుగా ఉంటుంది. మెదడులో ఒక భాగాన్ని మరో భాగంతో కలిపే సన్నని నాడీ తంతువులు సాగి తెగిపోతాయి. బయటికి చిన్న గాయం కూడా ఉండదు, పుర్రె పగలదు, కానీ మనిషి స్పృహలోకి రాడు. రక్తనాళం తెగితే పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం చేరుతుంది. పుర్రె సాగదు కాబట్టి, చేరిన రక్తం మెదడునే నొక్కుతుంది.

వైద్యులు ఈ నష్టాన్ని రెండు దశలుగా చూస్తారు. మొదటిది దెబ్బ తగిలిన క్షణంలోనే జరిగిపోయేది. రెండోది ఆ తర్వాత గంటల్లో, రోజుల్లో వచ్చే వాపు, రక్తస్రావం, ఆక్సిజన్ అందకపోవడం, రక్తపోటు పడిపోవడం వల్ల జరిగేది. ఆసుపత్రి, శస్త్రచికిత్స, వెంటిలేటర్ పోరాడేవి ఈ రెండో దశతోనే. మొదటి దశలో తెగిపోయిన నాడీ తంతువులను తిరిగి అతికించే మందు గానీ శస్త్రచికిత్స గానీ ఇప్పటికీ లేదు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, కోసుకున్న చర్మం మానుతుంది. మెదడు విషయంలో మాత్రం ఆ మొదటి నష్టానికి ఉన్న ఏకైక వైద్యం అది జరగకుండా చూసుకోవడమే.

వేగంగా వెళ్లకపోతే ఫర్వాలేదా?

‘నేను 20, 30 మీదే నడుపుతాను’ అనేది రెండో సాకు. దీన్ని చిన్న లెక్కతో చూద్దాం. స్కూటర్ మీద కూర్చున్న మనిషి తల నేలకు సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తు నుంచి ఏ వస్తువు జారిపడినా నేలను తాకేటప్పటికి దాని వేగం గంటకు సుమారు 20 కిలోమీటర్లు. బండి కదులుతోందా, సిగ్నల్ దగ్గర ఆగి ఉందా అన్నదానితో దీనికి సంబంధం లేదు. భుజమో చేయో ముందు తగిలితే దెబ్బ కొంత తగ్గుతుంది. నేరుగా తలే తగిలితే పుర్రె పగలడానికి ఆ వేగం చాలు.

బండి వేగంతో వెళ్లి దేనికైనా గుద్దుకుంటే లెక్క ఇంకా మారుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దుకోవడం సుమారు మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి, అంటే మొదటి అంతస్తు నుంచి కింద పడడంతో సమానం. 40 కిలోమీటర్లయితే ఆరు మీటర్లు దాటుతుంది. 60 అయితే 14 మీటర్లు, నాలుగంతస్తుల పైమాట. నాలుగో అంతస్తు పిట్టగోడ మీద ఎవరూ కాళ్లు వేలాడేసి కూర్చోరు. బండి మీద 60 వేగంలో మాత్రం ఒట్టి తలతో వెళ్తూ ఫోన్ కూడా మాట్లాడతారు. ఎత్తు కంటికి కనబడుతుంది, వేగం కనబడదు. తేడా అంతే.

అందుకే ‘ఇక్కడికే కదా’ అన్న మాటలో తర్కం లేదు. ప్రమాదం దూరాన్ని బట్టి రాదు. పైగా ఇంటి చుట్టూ ఉన్న రోడ్లు మనకు బాగా తెలిసినవి కాబట్టి అక్కడే జాగ్రత్త తగ్గుతుంది. సందు మలుపులో ఎదురొచ్చే ఆటో, కుక్క, మెట్రో పనుల కోసం తవ్విన గుంత, వాన తర్వాత జారే మట్టి, ఇవన్నీ ఉన్నది ఆ చిన్న దూరంలోనే.

హెల్మెట్ చేసే పని ఏమిటి?

హెల్మెట్ పైపెంకు గట్టిగా ఉంటుంది కాబట్టి కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. పెంకు దెబ్బను ఒకచోట కేంద్రీకరించకుండా పరుస్తుంది, నిజమే. కానీ అసలు పని చేసేది లోపల ఉండే థర్మకోల్ లాంటి పొర. రెండు మూడు సెంటీమీటర్ల మందం ఉండే ఆ పొర దెబ్బకు నలుగుతూ తల ఆగే సమయాన్ని కొన్ని మిల్లీసెకన్లు పెంచుతుంది. మెదడు మీద పడే భారం తగ్గడానికి ఆ మిల్లీసెకన్లే కారణం. ఒకసారి నలిగిన పొర మళ్లీ ఉబ్బదు. అందుకే గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను, పైకి బాగానే కనబడినా, మార్చేయాలి.

ఫలితం ఎంత? ప్రపంచంలోని అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించిన 2008 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం, హెల్మెట్ వల్ల మోటార్‌సైకిల్ ప్రమాదాల్లో మరణం ముప్పు సుమారు 42 శాతం, తల గాయం ముప్పు సుమారు 69 శాతం తగ్గుతాయి. మెడ విరుగుతుందన్న భయానికి ఆ సమీక్షలో ఆధారం దొరకలేదు.

అయితే ఈ లాభం సరైన హెల్మెట్‌కు, సరిగా పెట్టుకున్నప్పుడే. గడ్డం కింద పట్టీ బిగించని హెల్మెట్ మనిషి కంటే ముందే ఎగిరిపోతుంది. భవన నిర్మాణంలో వాడే ప్లాస్టిక్ టోపీ, సగం తలకే వచ్చే చిప్ప హెల్మెట్, ఫుట్‌పాత్ మీద అమ్మే నకిలీ సరుకు చలానా నుంచి తప్పిస్తాయేమో గానీ రోడ్డు నుంచి తప్పించవు. ద్విచక్ర వాహనాల హెల్మెట్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం ఇచ్చిన ఆదేశం 2021 జూన్ 1 నుంచి అమల్లో ఉంది.

మనవాళ్లకు గుర్తుండే ఉదాహరణ ఒకటుంది. 2021 సెప్టెంబర్ 10 రాత్రి హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి సమీపంలో సినీ నటుడు సాయి ధరమ్ తేజ్ బండి జారిపడి తీవ్రంగా గాయపడ్డారు. ఆ సమయంలో ఆయన తలకు హెల్మెట్ ఉంది. వారాల తరబడి ఆసుపత్రిలో ఉండి కోలుకున్న ఆయన, తాను బతికి ఉండటానికి హెల్మెట్టే కారణమని తర్వాత అనేక వేదికల మీద చెప్పారు. హెల్మెట్ ప్రమాదాన్ని ఆపలేదు. కోలుకునే అవకాశాన్ని మిగిల్చింది.

చట్టం ఉంది, మరి అలవాటు?

మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ, నడిపేవారైనా వెనుక కూర్చునేవారైనా, హెల్మెట్ పెట్టుకోవాలి. తలపాగా ధరించే సిక్కులకు మినహాయింపు. 2019 సవరణ జరిమానాను 1000 రూపాయలు చేసి, లైసెన్సును మూడు నెలలు నిలిపివేసే నిబంధన తెచ్చింది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు ప్రత్యేక బెల్టు, పిల్లల హెల్మెట్ ఉండాలని, వారిని ఎక్కించుకున్న బండి 40 కిలోమీటర్ల వేగం దాటరాదని చెప్పే నియమం 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లోకి వచ్చింది.

గుజరాత్‌లో ఈ చట్టం ప్రయాణం ఒడిదుడుకులతో సాగింది. 2019 సెప్టెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం హెల్మెట్ జరిమానాను 500 రూపాయలకు తగ్గించింది. అదే ఏడాది డిసెంబర్‌లో నగర, పట్టణ పరిధుల్లో హెల్మెట్ తప్పనిసరి కాదని ప్రకటించింది. ఊళ్లో తిరిగేటప్పుడు ఇబ్బందిగా ఉందని జనం నుంచి వచ్చిన ఫిర్యాదులే కారణమని చెప్పింది. అంటే ‘ఇక్కడికే కదా’ అన్న మాట కొన్నాళ్లు ప్రభుత్వ విధానం అయింది. రహదారి భద్రతపై సుప్రీంకోర్టు నియమించిన కమిటీ వివరణ కోరింది, విషయం హైకోర్టుకూ వెళ్లింది. చివరకు నియమం అమల్లోనే ఉందని ప్రభుత్వం చెప్పవలసి వచ్చింది. కానీ ఈలోపు జనానికి చేరాల్సిన సందేశం చేరిపోయింది: ఊళ్లో అక్కర్లేదు.

ఆ సందేశాన్ని చెరపడానికి సూరత్ పోలీసులకు ఏళ్లు పట్టింది. కొన్ని వారాల ప్రచారం తర్వాత 2025 ఫిబ్రవరి 15 నుంచి నగరంలో హెల్మెట్ నియమాన్ని కఠినంగా అమలు చేయడం మొదలుపెట్టారు. రోడ్ల మీద హెల్మెట్లు కనిపించసాగాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2024లో హైకోర్టు ఈ నియమం ఎందుకు అమలు కావడం లేదని పోలీసులను నిలదీసింది.

దేశం మొత్తం మీద ఈ నిర్లక్ష్యం ధర ఎంతో కేంద్ర రవాణా శాఖ లెక్కలే చెబుతాయి. 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. అందులో 35,692 మంది నడిపేవారు, 14,337 మంది వెనుక కూర్చున్నవారు. వెనుక సీటులో చీర కొంగు సర్దుకుంటూ, బిడ్డను పట్టుకుంటూ, ఒట్టి తలతో కూర్చునే ఆడవాళ్లు ఎందరో మనకు తెలుసు. ఇంట్లో ఒకే హెల్మెట్ ఉంటే అది ఎవరి తల మీదకు వెళ్తుందో కూడా తెలుసు.

వియత్నాం అనుభవం ఇక్కడ పనికొస్తుంది. మన నగరాల్లాగే ద్విచక్ర వాహనాలతో నిండిన దేశమది. 2007 డిసెంబర్ 15న అక్కడ అన్ని రోడ్ల మీదా హెల్మెట్ తప్పనిసరి అయింది. అంతకుముందు నెలల తరబడి ప్రచారం జరిగింది, ఆ రోజు నుంచి తనిఖీలు మొదలయ్యాయి. కొద్దికాలంలోనే పెద్దవాళ్లలో వాడకం 90 శాతం దాటింది. తల గాయాలు, మరణాలు తగ్గాయి. కానీ పిల్లల విషయంలో మాత్రం చాలాకాలం వెనకబడ్డారు. బరువుకు చిన్నపిల్లల మెడ దెబ్బతింటుందని తల్లిదండ్రుల్లో ఒక అపోహ ఉండేది, పిల్లల విషయంలో చట్టమూ మొదట గట్టిగా లేదు. చట్టం, ప్రచారం కలిసిన చోట అలవాటు మారింది. అపోహను ఎవరూ పలకరించని చోట మారలేదు.

చేతికి గాయం లేదు, చేతి పని పోయింది

మరణాల లెక్క దొరుకుతుంది గానీ బతికి మిగిలినవారి లెక్క దొరకదు. కతర్‌గామ్ లాంటి పేటలో అసలు నష్టం అక్కడే ఉంది.

గుండ్రని వజ్రానికి 57 లేదా 58 ముఖాలు తీరుస్తారు. ఒక్కో ముఖం కోణం, లోతు భూతద్దంలో చూసి సరిచూసుకోవాలి. కన్ను, చేయి, ఏకాగ్రత మూడూ ఒకే తాటి మీద నడవాలి. ఇలా సానపట్టేవారిని అక్కడ రత్నకళాకార్లు అంటారు. ఎక్కువమందికి నెల జీతం కాదు, రాయికి ఇంత అని కూలి.

తలకు ‘చిన్న’ దెబ్బ తగిలిన మనిషికి ఆసుపత్రిలో స్కాన్ మామూలుగానే రావచ్చు. కుట్లు వేసి ఇంటికి పంపవచ్చు. ఆ తర్వాత వారాలు, కొందరిలో నెలల పాటు తలనొప్పి, వెలుతురు పడకపోవడం, కళ్లు తిరగడం, నిద్ర పట్టకపోవడం, మతిమరుపు, చిరాకు ఉంటాయి. అతని రెండు చేతులూ బాగానే ఉంటాయి. కానీ భూతద్దంలో పది నిమిషాలు చూడలేడు. రాయి పాడైతే మాట పడాలి, పని తగ్గితే కూలి తగ్గుతుంది. ‘బాగానే ఉన్నాడుగా, పనికి ఎందుకు పోడు?’ అని ఇంట్లోవాళ్లే అనుకుంటారు. మగ్గం మీద తెగిన పోగును క్షణంలో పట్టుకోవాల్సిన నేత కార్మికుడికీ, మీటరు లెక్కన కూలి వచ్చే ప్రతి ఒక్కరికీ ఇదే గతి. నిన్నటి వరకు శాంతంగా ఉన్న మనిషి ఇవాళ ప్రతి మాటకూ అరుస్తుంటే, అది పొగరు కాదు, మెదడు గాయం కావచ్చని ఆ ఇంటికి ఎవరో చెప్పాలి.

గాయం తీవ్రమైతే ఇంట్లో ఒకరి సంపాదన పోవడమే కాదు, అతన్ని చూసుకోవడానికి మరొకరు పని మానేయాలి. వలస వచ్చిన కుటుంబానికి అక్కడ ఆసరాగా నిలిచే బంధుబలగం తక్కువ. పిల్లల చదువు మీద పడేది ఆ బరువే.

రోడ్డు ఒక్కటే కాదు

సూరత్‌లో ఉత్తరాయణ్, అంటే మన సంక్రాంతి, పతంగుల పండుగ. జనవరి 14, 15 తేదీల్లో ఊరు ఊరంతా డాబాల మీదే ఉంటుంది. సూరత్ మాంజాకు పెద్ద పేరు. ఈ పండుగలో తల గాయాలు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి, గాలిపటం వెంట కళ్లు పైకెత్తి వెనక్కి నడుస్తూ పిట్టగోడ లేని డాబా అంచు దాటడం. రెండోది, రోడ్డుకు అడ్డంగా వేలాడే దారం. బండి మీద వెళ్లేవారి మెడకు అది తగులుతుంది. తప్పించుకోబోయి, లేదా దెబ్బకు అదుపు తప్పి పడితే మెడతో పాటు తల కూడా పోతుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశవ్యాప్తంగా నిషేధించింది. అయినా పండుగ దగ్గర పడితే దొంగచాటుగా అమ్మకం సాగుతూనే ఉంటుంది.

ఆ రోజుల్లో సూరత్‌లో బండ్ల ముందు వంచిన ఇనుప కమ్మీ కనిపిస్తుంది. దారం మెడకు చేరకముందే ఆ కమ్మీకి తగిలి ఆగుతుంది. మెడకు మఫ్లర్ చుట్టుకునేవారూ ఉంటారు. ఫ్లైఓవర్ల మీద ద్విచక్ర వాహనాలకు ఆంక్షలు పెడతారు. గమనించాల్సిందేమిటంటే, హెల్మెట్‌ను చలానాతో నేర్చుకోవాల్సి వచ్చిన ఊరే ఆ కమ్మీని చలానా లేకుండా నేర్చుకుంది. ఏటా ఎవరో ఒకరికి మెడ తెగడం ఆ వీధులు చూశాయి, మెకానిక్ దగ్గర తక్కువ ఖర్చుతో దొరికే ఉపాయం కనిపించింది, పక్కవాడు పెట్టుకున్నాడు. అవగాహన నిజంగా పనిచేసే తీరు ఇదే.

ఇంట్లో జరిగే గాయాలు ఇంకా నిశ్శబ్దం. బాత్రూములో జారిపడే పెద్దలు, మంచం మీద నుంచి, మెట్ల మీద నుంచి పడే పసిపిల్లలు, సారవ కర్రల మీద నుంచి పడే కూలీలు. పెద్దవయసులో మెదడు కొంత కుంచించుకుపోవడం వల్ల రక్తనాళాలు సాగి ఉంటాయి, చిన్న దెబ్బకే తెగవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవారికి ముప్పు మరీ ఎక్కువ. పడిన రెండు మూడు వారాల తర్వాత తాతయ్య తికమకగా మాట్లాడుతుంటే, నడక తూలుతుంటే, వయసు ప్రభావమని వదిలేయకూడదు. లోపల నెమ్మదిగా రక్తం చేరుతుండవచ్చు. సకాలంలో గుర్తిస్తే చాలావరకు నయమయ్యే సమస్య ఇది. గోడకు ఒక పట్టుకమ్మీ, జారని చాప, రాత్రి వెలిగే చిన్న లైటు, డాబాకు నడుమెత్తు పిట్టగోడ, ఇవి ఇలాంటి గాయాలను తగ్గించే జాగ్రత్తలు.

దెబ్బ తగిలాక మొదటి గంట

చట్టం కూడా గాయం తర్వాతి మొదటి గంటను ప్రత్యేకంగా గుర్తించింది. ఆ గంటలో చుట్టూ ఉన్నవారు చేసేదీ, చేయకుండా ఆగేదీ రెండూ ముఖ్యమే.

మొదట 108కు ఫోన్ చేయాలి. హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన ఈ సేవ 2007 ఆగస్టులో గుజరాత్‌కు చేరింది. పడిన మనిషిని ఆటోలో కుదించి కూర్చోబెట్టకూడదు. తల గాయమైతే మెడ ఎముక కూడా దెబ్బతిని ఉండవచ్చు. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా చూసి, కదపకుండా ఉంచాలి. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగేయకూడదు. వాంతి అవుతుంటే తల ఒక్కదాన్నే తిప్పకుండా, నలుగురు కలిసి ఒంటిని మొత్తంగా పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పాలి. మొహం మీద నీళ్లు కొట్టడం, నోట్లో నీళ్లు పోయడం, కుదిపి లేపడం, నొప్పికి ఆస్పిరిన్ ఇవ్వడం చేయకూడదు. నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదమాలి. ముక్కు లేదా చెవి నుంచి పలుచని ద్రవం కారుతుంటే దూది కుక్కకూడదు.

‘లేచి కూర్చున్నాడు, మాట్లాడుతున్నాడు, ఇంకేం ఫర్వాలేదు’ అన్న మాట నమ్మకూడదు. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరే గాయంలో మనిషి కాసేపు మామూలుగా ఉండి, తర్వాత గంటల్లోనే కుప్పకూలవచ్చు. బ్రిటిష్ నటి నటాషా రిచర్డ్‌సన్ 2009 మార్చిలో కెనడాలో మంచు మీద స్కీయింగ్ నేర్చుకుంటూ పడ్డారు. బాగానే ఉన్నానని మొదట వైద్యం వద్దన్నారు. రెండు రోజుల్లో మరణించారు. ఆమె తలకు హెల్మెట్ లేదు.

కాబట్టి తలకు దెబ్బ తగిలినవారిని కనీసం ఒక రోజంతా కనిపెట్టి ఉండాలి. ఒకటికి మించి వాంతులు, పెరిగిపోతున్న తలనొప్పి, లేపినా లేవని మగత, ఫిట్స్, ఒక కనుపాప పెద్దదిగా కనబడటం, ఒక పక్క చేయి లేదా కాలు బలహీనపడటం, మాట తడబడటం, జరిగింది గుర్తులేకపోవడం, వీటిలో ఏది కనిపించినా స్కాన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి.

పోలీసు కేసులో ఇరుక్కుంటామనే భయం ఇంకా చాలామందిని ఆపుతోంది. సాయం చేసినవారిని వేధించరాదని సుప్రీంకోర్టు 2016లో స్పష్టం చేసింది. 2019 సవరణలో 134ఏ సెక్షన్ ఆ రక్షణను చట్టంగా మార్చింది. పేరు చెప్పాలా వద్దా అన్నది సాయం చేసినవారి ఇష్టం. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మేలో అమల్లోకి వచ్చింది. డబ్బు లేదన్న కారణంతో ఆ మొదటి గంట వృథా కాకూడదన్నదే దాని ఉద్దేశం.

దానంలో పేరు తెచ్చుకున్న ఊరు

సూరత్‌కు అవయవదానంలో దేశవ్యాప్తంగా పేరుంది. ‘డొనేట్ లైఫ్’ అనే సంస్థ అక్కడి కుటుంబాలతో మాట్లాడి, జీవన్మృతుల గుండె, కాలేయం, మూత్రపిండాలు ఇతరులకు చేరేలా చేస్తోంది. వజ్ర వ్యాపారుల చొరవతో కతర్‌గామ్‌లో నిర్మితమై 2017 ఏప్రిల్‌లో ప్రారంభమైన కిరణ్ ఆసుపత్రిలో అవయవ మార్పిడి శస్త్రచికిత్సలు జరుగుతున్నాయి. పుట్టెడు దుఃఖంలో ఉన్న కుటుంబం మరో ఇంట్లో దీపం పెట్టడానికి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

కానీ ఒక్క నిమిషం ఆలోచిస్తే ఆ దానాల వెనుక ఒక చేదు నిజం ఉంది. ఒంట్లో గుండె, కాలేయం చెక్కుచెదరకుండా ఉండి మెదడు మాత్రమే చనిపోయే స్థితి ఎక్కువగా తల గాయం వల్లో, మెదడులో రక్తస్రావం వల్లో వస్తుంది. ఆ మనిషి గుండె మరో పదేళ్లు మరొకరిలో కొట్టుకునేంత బాగుంది. పోయింది తల ఒక్కటే. దాతల కుటుంబాలకు మనం ఇవ్వగలిగిన అసలైన గౌరవం, ఆ దారిన వచ్చే దాతల సంఖ్య తగ్గేలా చూడటం.

అవగాహన ఎక్కడ పుట్టాలి?

ప్రచార ర్యాలీ ఒక రోజు సాగుతుంది, ఫ్లెక్సీ ఒక వానకు చినుగుతుంది. కమ్మీ ఉదాహరణ చెప్పేది ఏమిటంటే, అలవాటు పుట్టేది పక్కవాడిని చూసి, పని చేసే చోట, ఉండే వీధిలో. కతర్‌గామ్ లాంటి పేటకు ఆ నిర్మాణం సిద్ధంగా ఉంది. కార్ఖానాలో వందల మంది ఒకే గేటు గుండా వస్తారు. హెల్మెట్ లేని బండికి గేటు లోపల పార్కింగ్ లేదని యజమాని అంటే, ట్రాఫిక్ పోలీసు ఏడాదిలో చేయలేనిది నెలలో జరుగుతుంది. దానితో పాటే హెల్మెట్లు పెట్టుకోవడానికి అరలు కూడా కట్టించాలి. ‘ఎక్కడ పెట్టాలి, ఎవరో ఎత్తుకుపోతారు’ అన్నది చిన్న ఇబ్బందిలా కనబడినా, రోజూ ఓడిపోయేది అక్కడే. దీపావళి బోనస్‌తో పాటు ఐఎస్ఐ హెల్మెట్లు రెండు ఇస్తే, ఒకటి ఇంట్లో వెనుక సీటుకు వెళ్తుంది. సెలవులకు సౌరాష్ట్ర ఊళ్లకు బయలుదేరే కార్మికులకు ఆ వారమే దాని అవసరం ఎక్కువ.

హౌసింగ్ సొసైటీలు ఉత్తరాయణ్‌కు ముందు డాబా అంచులు చూసుకోవచ్చు. నవరాత్రి గర్బా నుంచి అర్ధరాత్రి తిరిగివచ్చే పిల్లలకు ‘జుట్టు చెదిరినా ఫర్వాలేదు’ అని ఇంట్లో పెద్దలే చెప్పాలి. బడిలో పిల్లలకు చెబితే వాళ్లు ఇంటికెళ్లి నాన్నను అడుగుతారు. ఆ ప్రశ్నకు జరిమానా కంటే పదును ఎక్కువ. లింబాయత్‌లో తెలుగు కుటుంబాలకు ఈ మాటలు తెలుగులో అందాలి. ప్రమాదపు గుర్తుల జాబితా అర్థంకాని భాషలో గోడకు అంటిస్తే అది గోడకే పరిమితం. కుల సంఘాలు, ఊరి సంఘాలు పండుగ కరపత్రాల్లో ఆ జాబితాకు అరపేజీ ఇస్తే చాలు. మన ఊళ్లలో బతుకమ్మ, గణేశ్ మండపాల దగ్గరా ఇదే చేయవచ్చు.

నగరపాలక సంస్థ చేయాల్సినవీ ఉన్నాయి. గుంత పూడ్చకుండా, తవ్విన చోట దీపం పెట్టకుండా జనానికి జాగ్రత్త చెప్పడం న్యాయం కాదు. హెల్మెట్ ఆఖరి రక్షణ. మొదటి రక్షణ మంచి రోడ్డు, కనిపించే మలుపు, అదుపులో ఉన్న వేగం. అవగాహన పేరుతో బాధ్యతంతా నడిపేవాడి నెత్తిన పెట్టి తప్పుకోకూడదు.

మళ్లీ ఆ ఉదయానికి వద్దాం. ఇంటి గుమ్మంలో బండి స్టార్ట్ చేసిన మనిషి ‘ఇక్కడికే కదా’ అంటాడు. ఆ మాట అన్నప్పుడు జవాబు చెప్పగలిగే దూరంలో ఉండేది పోలీసు కాదు, డాక్టరు కాదు. లోపలి నుంచి హెల్మెట్ తెచ్చి చేతికిచ్చే భార్యో, కూతురో, తల్లో. వెనుక సీటులో ఎక్కబోతున్నది ఆమే అయితే, తెచ్చే హెల్మెట్లు రెండు ఉండాలి.